నియమంలో వెల్లుల్లి వాసన

నేను జాకెట్లు కుడతాను. ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల వరసలో నా మిషను చప్పుడు ఎరగని ఆడవాళ్లు లేరు. నా చేతిపని మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది. కొలత జాకెట్టు ఒక్కసారి చేతిలోకి తీసుకున్నానంటే మళ్లీ టేపు ముట్టక్కర్లేదని నలుగురిలో చెప్పుకునేదాన్ని. అలాంటిదాన్ని, హిజ్లీ క్యాంపస్‌లో పాఠాలు చెప్పే ఒక ప్రొఫెసరు గారి భార్య పట్టు జాకెట్టు కుట్టమంటే, మా తోడికోడలి కొలతకు కుట్టి పట్టుకెళ్లి ఇచ్చాను. మా తోడికోడలు భారీ మనిషి. ఆ బెంగాలీ దీదీ సన్నగా ఉంటుంది. వేసుకుని అద్దం ముందు నిలబడితే రెండు భుజాలూ మోచేతుల దాకా జారాయి. ఆవిడ నవ్వేసింది. నేనూ నవ్వాను. బయటికొచ్చి టోటో రిక్షా ఎక్కాక మాత్రం కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చున్నాను.

పొరపాట్లు అందరూ చేస్తారు. నాకు భయం వేసింది అందుకు కాదు. ఆ జాకెట్టు కుట్టినంతసేపూ అది దీదీ కొలతేనని నాకు పూర్తి నమ్మకం. మరిచిపోతే మరిచిపోయానని మనకే తెలుస్తుంది. ఇది అలా కాదు, తప్పు కొలతే నా కళ్లకు ఒప్పుగా కనపడింది. దానికి తోడు చెప్పిందే చెప్పడం కూడా మొదలైంది. మా ఆయన వర్క్‌షాపు నుంచి రాగానే వీధిలో కబురేదో చెప్పేదాన్ని, అన్నం వడ్డిస్తూ మళ్లీ అదే చెప్పేదాన్ని. మొదట్లో ఇందాకే చెప్పావు కదా అనేవారు. తరవాత కొత్తగా వింటున్నట్టు ఊఁ కొట్టడం మొదలుపెట్టారు. విసుక్కున్నా బాగుండును. ఆ ఊఁ కొట్టడం చూస్తే నాకు తల కొట్టేసినట్టుండేది.

కడుపు సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నోరు రాదు. మా ఇళ్లల్లో జ్వరం వస్తే వాడంతా చెప్పుకుంటాం, కడుపు చెడితే తలుపేసుకుంటాం. తిన్నది తిన్నట్టు ఉబ్బిపోవడం, ఉన్నట్టుండి పరుగు తీయడం, ఇదీ వరస. ఎవరింటికైనా కొలతలకు వెళితే ముందు వాళ్ల బాత్‌రూమ్ ఎటుందో చూసుకునేదాన్ని. ఒకసారి ఒక పెళ్లివారింట్లో పెళ్లికూతురు చేతులు చాపి నిలబడి ఉండగా, టేపు ఆ పిల్ల మెడలోనే వదిలేసి లోపలికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల అలాగే చేతులు చాపి నిలబడి ఉంది. గదిలో ఆడవాళ్లంతా గోడ మీద క్యాలెండరు వంక శ్రద్ధగా చూస్తున్నారు.

ఆ రోజుల్లోనే ఫోనులో ఒక వీడియో కంటపడింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన కడుపుకీ మెదడుకీ మధ్య దారి ఉందన్నాడు. కడుపులో మనకు మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయట, అవి దెబ్బతింటే ఉబ్బరంతో పాటు దిగులూ మతిమరుపూ కూడా వస్తాయట. ఆ కడుపునీ ఈ తలనీ రెంటినీ కాపాడే ఖనిజం సెలీనియం అన్నాడు. ఆయన నా ఇంట్లో కూర్చుని నన్ను చూసి చెబుతున్నట్టే అనిపించింది. నా రెండు సిగ్గులకూ ఒకటే మాత్ర. గోల్‌బజార్‌లో మందుల కొట్టుకు వెళ్లి, పేరు నోరు తిరగక, ఫోను చూపించి సీసా కొనుక్కున్నాను.

తెచ్చి మిషను సొరుగులో, బాబిన్ల డబ్బా వెనకాల దాచాను. మా ఆయన అడిగితే కాదనే మనిషి కాదు. కానీ ఇది దేనికి అని అడుగుతారు కదా, అప్పుడు నా మతి పోతోంది అని పైకి చెప్పాలి. మా వరసలోనే ఒకావిడకు మతి తప్పింది. వర్క్‌షాపు సైరన్ మోగితే చాలు, ఎప్పుడో పోయిన మొగుడికి క్యారేజీ పట్టుకుని గేటు దాకా నడిచి వెళ్లేది. ఆవిడ వెళ్తుంటే కిటికీలోంచి చూసి నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆ కిటికీల ముందు నుంచి నేను నడవాల్సి వస్తుందేమోనని నా భయం.

మాత్రతో పాటు మొక్కు కూడా మొక్కాను. మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు మాతా పూజ అంటే దసరా కన్నా పెద్దది. ఎండలు ముదురుతున్న రోజుల్లో వాడవాడకూ పందిళ్లు లేస్తాయి, మొక్కుకున్న ఆడవాళ్లు అమ్మవారి ఘటం తల మీద పెట్టుకుని డప్పులతో వీధులన్నీ తిరుగుతారు. తల్లీ, నా మతి నా దగ్గరే ఉంచు, నీ ఘటం ఎత్తుతాను అని మొక్కుకున్నాను. పైకి మాత్రం మా ఆయన రిటైర్‌మెంటు చల్లగా గడిచిపోవాలని మొక్కానని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. అదొక సిగ్గు.

ఘటం ఎత్తేవాళ్లకు నియమం ఉంటుంది. పందిరి రాట వేసిన రోజున ముంజేతికి పసుపు దారం కడతారు. అప్పటి నుంచి ఒంటిపూట భోజనం, నేల మీద పడక. చేపలు, మాంసం, ఉల్లి, వెల్లుల్లి ఇంట్లోకే రాకూడదు. మా వరసలో ఇంకో పద్ధతి ఉంది. ఘటం తలకెత్తే ముందు, ఆడవాళ్లలో పెద్దావిడ అందరి ఎదుటా నియమం తప్పావా అని అడుగుతుంది. తప్పలేదు అని గట్టిగా అందరికీ వినపడేలా చెప్పాలి. చెబితేనే ఘటం చేతికిస్తారు. తప్పి కూడా తప్పలేదని చెబితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. చెప్పరు గనకే అందరికీ భయం. మా వరసలో ఆ పెద్దావిడ మా తోడికోడలే. నేను అప్పా అని పిలుస్తాను. పక్క సందులోనే ఉంటుంది.

నియమం మొదలవడానికి కొంచెం ముందు, జాకెట్టు సరిచేసి ఇద్దామని హిజ్లీ వెళ్లాను. దీదీ నా మొహం చూసి జాలిపడిందేమో, ఒక ప్యాకెట్టు చేతిలో పెట్టింది. బ్రెజిల్ నట్స్ అంది. మన జీడిపప్పుకు రెండింతలుంటాయి, ఒక్కోటీ బొటనవేలంత. మెదడుకు చాలా మంచివి, రోజుకొకటి నమలమంది. ఆ రోజుకొకటి అన్న మాట నా చెవిన పడింది కానీ నిలవలేదు. నియమంలో ఒంటిపూట తిండి కదా, సాయంత్రానికి కళ్లు తిరిగేవి. గింజలు ఫలహారమే, దోషం లేదు. గుప్పెడు పోసుకుని మిషను తొక్కుతూ నమిలేసేదాన్ని. ప్యాకెట్టు అయిపోతే దీదీనే సిగ్గు విడిచి ఇంకోటి అడిగి తెచ్చుకున్నాను.

అప్పటికే జుట్టు ఊడటం మొదలైంది. దువ్వెన పెడితే పాయలు వచ్చేవి. గోళ్లు పెళుసెక్కి చీలిపోయి, పట్టుబట్ట మీద చెయ్యి వేస్తే దారాలు లాగేసేవి. మందుల కొట్టుకు మళ్లీ వెళ్లి జుట్టుకూ గోళ్లకూ అని రాసి ఉన్న మాత్రలు కూడా కొని అదే సొరుగులో పెట్టాను. కడుపు బాగుపడలేదు సరికదా, ఇంకా చెడింది. మందు ఒంటికి పడుతున్నప్పుడు ముందు కాస్త తిప్పుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. నోట్లో ఎప్పుడూ ఇనుము చప్పరించినట్టుండేది.

రాట వేసి దారం కట్టించుకున్న కొద్ది రోజులకు, పందిట్లో కూర్చుని అందరం పసుపు దంచుతున్నాం. అప్ప నా పక్కకు వంగి చేటలో పసుపు ఎత్తుతూ ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. పక్కవాళ్లకు వినపడకుండా అడిగింది.

"ఒలే, ఎల్లుల్లి తిన్నావేటి?"

నేను నవ్వేశాను. నియమంలో ఉన్నదాన్ని ఎలా తింటానన్నాను. అప్ప సరేనంది కానీ, చేట తీసుకుని అవతల పక్కకు వెళ్లి కూర్చుంది. కాసేపటికి నా ఇటు పక్కావిడ కూడా కాళ్లు తిమ్మిరెక్కాయని లేచింది. పందిట్లో అంత జనంలో నా చుట్టూ చాప ఖాళీగా కనపడింది. 

ఇంటికొచ్చి వంటిల్లంతా గాలించాను. కారప్పొడిలో వెల్లుల్లి వేశానేమోనని డబ్బా డబ్బా పారబోశాను. ఊరగాయ జాడీలు అప్పకే ఇచ్చి పంపాను. గిన్నెలన్నీ తోమి, ఎందుకైనా మంచిదని కొత్త మట్టికుండ కొని అందులో వండుకున్నాను. లవంగాలు, ఏలకులు నమిలాను. ఉప్పుతో పళ్లు తోమితే చిగుళ్లు మండాయి. నా వాసన నాకు తెలియదు, అదే పెద్ద నరకం. ఎదుటివాళ్ల మొహాలు చూసి తెలుసుకోవాలి. జాకెట్ల కోసం వచ్చినవాళ్లు గుమ్మంలోనే బట్ట ఇచ్చి వెళ్లిపోతున్నారు. నేను మాట్లాడుతుంటే మా ఆయన మొహం మెల్లగా పక్కకు తిరిగేది. ఒకరోజు కోపం ఆగక, అంత కంపు కొడుతున్నానా అని మొహం మీదే అడిగేశాను. కొంచెం వస్తోందిలే, ఎక్కడో ఏదో పడుంటుంది అన్నారు. ఆయన కొంచెం అంటే ఎంతో నాకు తెలుసు.

అందరి ముక్కులూ ఒకేసారి చెడిపోవు. వాసన ఉన్నమాట నిజం. నేను తినలేదన్నదీ నిజమే. ఈ రెండు నిజాలూ ఒకదానికొకటి ఎలా పొసుగుతాయని మిషను ముందు కూర్చుని ఆలోచిస్తుంటే, నా చేతులు ఆగిపోయాయి. తిని మరిచిపోయి ఉంటే పొసుగుతాయి.

ఆ ఆలోచన వచ్చాక నాకు నిలకడ లేదు. సొరుగు తీసి మాత్ర ఇంకోటి వేసుకున్నాను. ఆ రోజు నుంచి పొద్దున్నా సాయంత్రం కూడా వేసుకున్నాను, గింజలు ఇంకో గుప్పెడు పెంచాను. వాసన ఎక్కువైనకొద్దీ నా మతి ఇంకా పోతోందనుకునేదాన్ని, మతి పోతోందనుకున్నకొద్దీ మాత్రలు పెంచేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అప్పుడు మాత్రం చాలా తెలివిగా నన్ను నేను కాపాడుకుంటున్నాననుకున్నాను.

మరో రెండు మూడు రోజులకు జ్ఞాపకం రానే వచ్చింది. హుక్కులు కుడుతున్నాను. సూది బట్టలో ఉండగానే మొత్తం కళ్లకు కట్టింది. లైనింగు బట్ట కోసం ఝపటాపూర్ వెళ్లాను. దారాల కొట్టు పక్కన మోమోలు అమ్మే నేపాలీ అతను ఉంటాడు, అందరం దాదా అంటాం, అన్న అని. అతని ఎర్ర చట్నీ అంటే నాకు పిచ్చి, మిరపకాయలకన్నా వెల్లుల్లే ఎక్కువ వేసి నూరుతాడు. మామూలు రోజుల్లో అటు వెళ్తే ఎవరికీ చెప్పకుండా ఒక ప్లేటు తిని వచ్చేదాన్ని. ఆ రోజూ తిన్నాను. మోమో ఉండ మీద ఆవిరి లేస్తోంది. ముంచి నోట్లో పెట్టుకుంటుంటే ముంజేతి మీది పసుపు దారానికి చట్నీ చుక్క అంటింది. కొంగుతో తుడుచుకున్నాను. ఎండకు కళ్లు చిట్లించి రోడ్డు వంక చూశాను. చట్నీ ఘాటు నాలుక మీద ఇప్పుడే తిన్నట్టుంది.

దారం తిప్పి చూసుకుంటే నిజంగానే ఎర్రటి మరక ఉంది. రోజూ పందిట్లో కుంకుమ పూసుకుని తిరిగేదాన్ని, అది కుంకుమ మరక కావచ్చని నాకు తోచలేదు. ఇంకేం కావాలి, దొంగ దొరికింది. చిత్రం ఏమిటంటే ఆ క్షణాన నాకు కాస్త హాయిగా కూడా అనిపించింది. ఇన్నాళ్లూ నా మాట ఒక పక్క, లోకమంతా ఒక పక్క. ఇప్పుడు నేనూ లోకం పక్కకు వచ్చేశాను.

అప్ప ఇంటికి వెళ్లాను. వంటింట్లో చేపలు తోముతోంది. ఇంట్లో మగవాళ్లకు తప్పదు కదా. నన్ను చూసి కత్తిపీట పక్కకు జరిపి, చేతులు కడుక్కుని బయటికొచ్చింది, నియమంలో ఉన్న మనిషి దగ్గరకు నీచుచేతులతో రాకూడదని. ఆ మర్యాదకు నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ మర్యాద నాకు అక్కర్లేదన్నాను. మోమోల సంగతి, చట్నీ సంగతి, దారం మీద మరకతో సహా చెప్పేశాను. తిన్నట్టు ఇవాళ్టి దాకా గుర్తులేదని, మొక్కు నా మతి కోసమేనని కూడా చెప్పాను. అప్ప తిడుతుందనుకున్నాను. చెంప మీద కొట్టినా పడేదాన్ని. అప్ప నా వీపు మీద చెయ్యి వేసింది.

"నాకు తెలుసులేవే. కొన్నాళ్లుగా సూస్తన్నాం అందరం. నువ్వు బాద పడతావని ఎవలూ అన్నేదు. ఇయాళ్టి నుంచి నియమం పట్టి ఘటం నేనెత్తుతాను, నువ్వు ఇంట్లో ఉండు."

సూస్తన్నాం అందరం అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. గుట్టుగా దాచుకున్నానని నేననుకున్నది వాడంతా చూస్తూనే ఉంది. చూసి, నాకు తెలియకుండా నా మీద జాలి పడుతోంది. మతి తప్పిన ఆ ముసలావిడ వెనకాల నేను నవ్వాను. నా వెనకాల ఎవరూ నవ్వలేదు, నిజమే. కానీ జాలి అంతకంటే ఎక్కువ కాల్చింది. ఇంటికి ఎటువైపు నుంచి వస్తే తక్కువ గుమ్మాలు తగులుతాయో చూసుకుని వెనకసందు గుండా వచ్చాను.

తరవాత కడుపు పూర్తిగా తిరగబడింది. స్నానాల గదిలో తూము మూసుకుపోతే మా ఆయన పుల్లతో తీశారు, గుప్పెడు జుట్టు వచ్చింది. అది చేత్తో పట్టుకుని నా తల వంకా, గోళ్ల వంకా చూసి, చెప్పులేసుకో, డాక్టరు దగ్గరికి అన్నారు. నేను వద్దంటే వినలేదు. బయల్దేరే ముందు, నేను లేనప్పుడు ఎవరైనా సొరుగు తీస్తారేమోనని రెండు సీసాలూ గింజల ప్యాకెట్టూ సంచిలో పడేసుకున్నాను. ఇంట్లో మేమిద్దరమే ఉంటాం, ఆ రెండోవాళ్లు నా పక్కనే బయల్దేరుతున్నారు. ఎవరు తీస్తారని అనుకున్నానో దేవుడికి తెలియాలి.

పూరీ గేట్ దగ్గర ఒక బెంగాలీ లేడీ డాక్టరు ఉంటుంది. సగం బెంగాలీ, సగం హిందీలో మాట్లాడుతుంది. నా నోరు తెరిచి చూసి ఆవిడ కూడా వెల్లుల్లి తిన్నారా అని అడిగింది. తిన్నానన్నాను. ఎప్పుడు అంది. చాలా రోజులైందన్నాను. అన్ని రోజులు వాసన ఉండదే అని గోళ్లు వెలుతురులో తిప్పి చూసింది, జుట్టు లాగి చూసింది. మాత్రలేమైనా వేసుకుంటున్నారా అంది. నేను నేల చూపులు చూశాను. మా ఆయన ఏం మాత్రలూ లేవండీ అన్నారు, అంత నమ్మకంగా. ఇంక దాచలేక సంచిలోంచి తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాను.

మా ఆయన సీసాలు చూశారు. ఇవి దేనికని అడిగారు. పరదా అవతల జనం కూర్చుని ఉన్నారు. మతిమరుపుకి అన్నాను. ఆ ఒక్క ముక్క పైకి అనడానికి ఇన్నాళ్లు పట్టింది. ఆయన సీసాలు రెండూ డాక్టరమ్మ వైపు జరిపారు.

డాక్టరమ్మ కళ్లజోడు పైకి తోసి సీసాల మీద సన్న అక్షరాలు చదివింది. ఇందులోనూ సెలీనియమే, జుట్టు మాత్రల్లోనూ సెలీనియమే, ఈ గింజల్లో అయితే అన్నిటికన్నా ఎక్కువ అంది. ఒంటికి అది చిటికెడు కావాలి, మెదడుకూ థైరాయిడ్‌కూ కూడా పనికొస్తుంది, కాదనను, చేపా గుడ్డూ తినేవాళ్లకు చాలావరకు తిండిలోనే దొరుకుతుంది అంది. అతిగా తింటే ఒళ్లు దాన్ని ఊపిరిలో బయటికి తోస్తుందట, ఆ ఊపిరి అచ్చం వెల్లుల్లి వాసన వేస్తుందట. జుట్టు ఊడటం, గోళ్లు చీలడం, కడుపు తిరగబడటం, నోట్లో ఇనుము రుచి, తల మసకేయడం కూడా దాని పనే కావచ్చంది. కడుపుకీ తలకీ మంచిదని తెచ్చుకున్నది ఆ రెంటినే పట్టుకుంది. అన్నీ ఆపేయమంది. వాసన పోవడానికి కొన్ని వారాలు పడుతుంది, మతిమరుపుకు కారణం వేరే ఉందేమో తరవాత చూద్దాం అని రక్తపరీక్షలు రాసింది. ఆవిడ అన్నట్టే తరవాత వాసన పోయింది, గోళ్లూ మళ్లీ వచ్చాయి. ఆ రోజు మాత్రం చీవాట్లు తింటున్న బడిపిల్లలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

బయటికొచ్చాక మా ఆయన సంతోషం చూడాలి. నువ్వు నియమం తప్పలేదే అని దారి పొడవునా అదే మాట. స్కూటరు ఇంటికి కాకుండా నేరుగా అప్ప ఇంటికి తిప్పారు. మర్నాడే ఘటం. గుమ్మంలో నిలబడే అంతా చెప్పారు. అప్ప ముక్కు మీద వేలేసుకుని విన్నది. ఆవిడకూ సంతోషమే. కానీ పెద్దరికం ఊరుకోదు కదా.

"అదంతా బాగానే ఉంది బాబూ. మరి మోమో తిన్నానని దాని నోటితో అదే సెప్పింది కదా. డాక్టరమ్మ వాసన సంగతి సెప్పింది గానీ మోమో సంగతి సెప్పలేదు కదా."

ఇద్దరూ నా వంక చూశారు. తిన్నావా, లేదా? నాకు తెలియలేదు. తిన్నానని చెబితే డాక్టరమ్మ చెప్పినదంతా వృథాయే. తినలేదని చెబితే నాలుక మీద ఆ చట్నీ ఘాటు ఏమిటి? కొంగు కొస వేళ్లకు చుట్టుకుంటూ నిలబడ్డాను. మా ఆయన స్కూటరు మళ్లీ తీశారు, నన్ను అప్ప దగ్గరే వదిలి ఝపటాపూర్ వెళ్లారు. ఆయన తిరిగొచ్చే దాకా అప్ప నాకు కాఫీ ఇచ్చింది, పాత చీరల కబుర్లు చెప్పింది. నేను ఊఁ కొట్టాను.

ఆయన వస్తూనే, స్టాండైనా వేయకుండా స్కూటరు గోడకు ఆనించి లోపలికొచ్చారు.

"ఆ దాదా ఊర్లోనే లేడు. రాట ఎయ్యకముందే సెల్లి పెళ్లికని కొండల్లోకి ఎల్లిపోనాడంట. అప్పటి నుంచీ షాపు మూసే ఉంది, తాళం నేను కళ్లారా సూసినాను. దారాల కొట్టాయన్ని కూడా అడిగినాను."

అప్ప అమ్మవారికి దండం పెట్టుకుంది. రేపు ఘటం నువ్వే ఎత్తాలి అంది. ఆయన నా మొహంలో నవ్వు కోసం చూస్తున్నారు. అంత దూరం పరుగెత్తి, ఎండలో అడిగి, నా కోసం తెచ్చిన మాట అది. నేను నవ్వాల్సింది. నాకు ముంజేతి మీది దారం కనపడింది. ఇదివరకెప్పుడో తిన్న మోమోలేనని సరిపెట్టుకుందామన్నా, అప్పుడు నా చేతికి ఈ దారం లేదు.

"అయితే నేను తిన్నదేటండీ?" అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. ఎప్పుడో తిన్నదే ఇప్పుడు తిన్నట్టు అనిపించి ఉంటుంది, ఆ మాత్రల వల్లే అన్నారు. అప్ప కూడా అవునవునంది. ఇద్దరూ మరీ తొందరగా అవునన్నారు.

మర్నాడు పొద్దున్నే తలంటుకుని, పసుపు చీర కట్టుకుని పందిట్లో నిలబడ్డాను. డప్పులు మొదలయ్యాయి. మాత్రల కబురు అప్పటికే వరసంతా తిరిగింది. ఆడవాళ్లు ఒకరొకరే వచ్చి నా బుగ్గలు పట్టుకుని పాపం అన్నారు. దగ్గరికొచ్చినప్పుడు ఊపిరి బిగపట్టుకున్నారు, వాసన ఇంకా ఉంది కదా. అయినా వచ్చారు. ఎవరి మంచితనం చూసినా నాకు తల దించుకోవాలనే అనిపించింది.

అప్ప ఘటం రెండు చేతులా పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. వేపాకుల నుంచి పసుపునీళ్లు కారుతున్నాయి. డప్పులు ఆపించింది. నియమం తప్పినావేటి అని గట్టిగా అడిగింది.

నా నాలుక మీద చట్నీ ఉంది. డాక్టరమ్మ మాట నా వైపే ఉంది, తాళం వేసిన కొట్టు నా వైపే ఉంది, జనంలో మునివేళ్ల మీద లేచి చూస్తున్న మా ఆయన నా వైపే ఉన్నారు. తప్పలేదప్పా అన్నాను. వినపడలేదు, గట్టిగా చెప్పమంది. తప్పలేదు అన్నాను. నా బతుకులో అబద్ధాలు చెప్పాను, జాకెట్టు రేపు ఇస్తానని చెప్పి వారం తిప్పాను, అవేవీ ఆ ఒక్క మాటంత కష్టం కాలేదు. ఘటం తల మీదికి వచ్చింది. డప్పులు అందుకున్నాయి. నేను చెప్పింది నిజమని అక్కడ అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు.